కుప్పం వాన మోసుకొచ్చే కండక్టరు

"ఈ వారం వాన లేదమ్మా. మబ్బులన్నీ మద్రాసు కాడనే నిలిచిపోయినాయి."

"నువ్వు లేదంటే నేను గొడుగు కొనుక్కోవాల్సిందేనప్పా."

ఆయప్పా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలివే. పోయిన కార్తీకంలో, పుంగనూరు బస్టాండులో. ఉద్యోగం మానేసి నాలుగేండ్లయినా పొద్దున్నే తలకు నూనె పెట్టుకోని వచ్చి ఆడ సిమెంటు బెంచీ మీద కూర్చునేది మాత్రం మానలేదు. నేను అడగలేదు. అడక్కుండానే చెప్పినాడు. నా మాటకు పక్కన ఉండేవాళ్ళు పకపకా నవ్వినారు. ఆయప్ప కూడా నవ్వినాడు. నేను నిజంగానే పోయి గొడుగు కొనుక్కోని బస్సెక్కినా. వారమంతా ఒక్క చుక్క పడలా. ఊరికే గొడుగు మోసినా. అది కూడా ఆయప్ప వల్లనే.

ఈ కార్తీకంలో పోయినాడు. మా క్రాసులో టీ అంగడి పక్కన ఫ్లెక్సీ కట్టినారు. ఈమధ్య ఎవురు పోయినా ఫ్లెక్సీ కట్టేస్తాండారు కదా. ఎప్పుడూ పెట్టుకోనుండే టోపీ లేకుండా, మీసాలకు రంగేసుకోని, పెండ్లికొడుకు మాదిరి ఉండాడు. వెనకాల మబ్బులు. నీలం ఆకాశంలో తెల్లగా దూది మాదిరి మబ్బులు. నేను నిలబడి సూసినా. ఆ మబ్బుల్లో ఒక్కటి కూడా వాన మబ్బు కాదు. బొమ్మ వేసినోడికి కూడా ఆయప్ప సంగతి తెలిసిపోయిందేమో అనుకున్యా.

టీ అంగడాయన నన్ను సూసి, "ఏమ్మా, నీ చెనక్కాయను రెండు తూర్లు ముంచినోడు పోయినాడే" అన్నాడు. అందరూ నవ్వినారు.

రెండు తూర్లు. మా ఊర్లో యే పిల్లోడిని అడిగినా చెప్తాడు, కండక్టరు మాట నమ్మి ఈయమ్మ చేను రెండు తూర్లు వానకు పోయిందని. ఆ లెక్క ఎంతవరకు నిజమో ఇప్పుడు చెప్తా. దానికే కూర్చున్యా. మా చెల్లెలి కూతురు బడిలో టీచరు. నేను చెప్తాండా, అది రాస్తాండాది. నాకు వేలిముద్ర తప్పి సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవను వచ్చు. అంతకు మించి అక్షరంతో నాకు పని పడలేదు.

పేరు రాయొద్దు పాపా. ఫ్లెక్సీ కట్టేదాకా ఆయప్ప పేరు మాలో ఎవురికీ సరిగ్గా తెలీదు కూడా. కుప్పం బస్సు కండక్టరంటే చాలు.

మా ఊరు పుంగనూరికీ మదనపల్లెకీ నడాన. క్రాసులో దిగి రవంత నడిస్తే ఊరు. రోడ్డుకు ఆనుకోనే మా చేను, రెండెకరాలు, వాన పడితే పంట, లేకుంటే లేదు. మాకు మబ్బులు రెండు మాట్లు వస్తాయి. ఆషాఢంలో వచ్చేవి పడమట నుంచి వస్తాయి, బెదిరించి పోతాయి. కార్తీకంలో వచ్చేవి సముద్రం మింద నుంచి వస్తాయి. అవి ముందు కుప్పం మింద పడతాయి, తర్వాత పలమనేరు, పెద్దపంజాణి, పుంగనూరు, ఆఖరికి మేము. మా పెద్దోళ్ళ కాలం నుంచి ఇదే వరస.

ఆ ప్రైవేటు బస్సు కూడా అదే వరసలో వచ్చేది. పొద్దున ఆరింటికి కుప్పంలో బయల్దేరితే తొమ్మిదిన్నరకు మా క్రాసుకు. అందుకని ఆ కాలంలో, టీవీ ఊరికి ఒకటుండే కాలంలో, సగం మంది ఆ బస్సు కాడికి ఎక్కేదానికి వచ్చేవాళ్ళు కాదు. కుప్పంలో వాన యెట్లుండాదో అడిగేదానికి వచ్చేవాళ్ళు. టీవీలో "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల" అంటారు. ఆ ఒకటి రెండు చోట్లు యాడుండాయో వాళ్ళు చెప్పరు, మనం అడిగేదానికి కాదు. కండక్టరయితే ముందర నిలబడి చెప్తాడు.

మొదట్లో బస్సును సూసే అందరూ తెలుసుకుంటాండ్రి. టాపు మింద మూటలకు టార్పాలు కట్టుంటే వాన. టైర్లకు ఎర్రబురద తడిగా ఉంటే పుంగనూరు దాకా వచ్చేసినట్టు. కిటికీ రెక్కలు దించుంటే దావలో ఇంకా పడతాన్నట్టు. కండక్టరు నోరు తెరవాల్సిన పనే లేదు. కానీ ఆయప్ప తెరిచినాడు. తెరిచినాక మూయలేదు.

ఫుట్‌బోర్డు మింద ఒంటికాలితో నిలబడి, కుడిచెయ్యి బయటకు పెట్టి, అరచెయ్యి పైకి తిప్పేవాడు. దేవుడు ప్రసాదం పెడతాడేమో అన్నట్టు. బస్సును రెండు తట్లు తట్టి డ్రైవరును నిలపమనేవాడు. ఆపైన మొదలు.

"కుప్పంలో ఆరింటికి బయల్దేరింది. వి.కోటలో రవంత నిదానించింది. పలమనేరులో అరగంట నిలబడతాది. మీకాడికి నాలుగుకు వచ్చేస్తాది. గొర్రెల్ని కొట్టంలోకి తోలుకోండి!"

వానకు కూడా టైం టేబులు. పెద్దపంజాణిలో హాల్టు, చౌడేపల్లె పక్కకు తిరుగుడు. ఒక రోజు మా గంగులమ్మ, మాటకు మాట ఇయ్యకుంటే అన్నం అరగని మనిషి, "ఏమప్పా, వానకు నిలబడను చోటుండాదా, సీట్లన్నీ నిండిపోయినాయా?" అని అడిగింది. ఆయప్ప నవ్వలా. "లేటయితే డ్రైవరును అడగాల, నన్ను కాదు" అన్నాడు. నిజంగానే అన్నాడు.

తిరుగు ట్రిప్పులో మదనపల్లె నుంచి టమోటా గంపలేసుకోని కుప్పం పక్క పోతాడు కదా, అప్పుడు ఆ పక్క ఊర్ల వాళ్ళకు మదనపల్లె వాన సంగతి చెప్పేవాడంట. మదనపల్లె వాన కుప్పానికి పోదని మేకలు కాసేవాడికి కూడా తెలుసు. అడిగినోళ్ళు లేకున్నా చెప్పేవాడు. నోరుండాది, దావ ఉండాది, చెప్పేసేది.

ఇటికల బట్టీ ఆయనకు ఒక మాట, చెనక్కాయ చేనుండే మాకు ఒక మాట చెప్పేవాడని కూడా అంటారు. బట్టీ ఆయనకు ఎండ కావాల. నాట్లేసినోడికి వాన కావాల. ఎవురికి ఏది కావాలో మొగం సూసి కనిపెట్టేవాడు. అందులో మాత్రం ఒక్క తూరి కూడా తప్పలేదు.

బస్సు కడిగిన కథ చెప్తా. అది మా క్రాసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాగులు కొట్టి రోడ్డు పక్క ఆరబోసిన దినాలు. బస్సొచ్చింది. నెత్తి నుంచి చక్రం దాకా నీళ్ళు కారతాండాయి. "అప్పా, వానా?" అని ఒక ఆడమనిషి కేకేసింది. ఆయప్ప బస్సును తట్టినాడు, చెయ్యి తిప్పినాడు, "కుప్పంలో కుండపోత!" అన్నాడు. ఇంక సూడు. రోడ్డు పొడవునా ఆడోళ్ళు చీర చెంగులు దోపుకోని రాగులు ఎత్తినారు. మన్నుతో సహా ఎత్తినారు. పసిబిడ్డను చెట్టు కింద వదిలేసి గోనెసంచి పట్టుకోని పరిగెత్తినోళ్ళుండారు. మధ్యాన్నానికి ఎండ నెత్తి మాడస్తాండాది. సాయంత్రం అదే బస్సు తిరిగొచ్చినప్పుడు గంగులమ్మ అడ్డంగా నిలబడింది. డ్రైవరు తల బయటకు పెట్టి, "వాన యాడిది మా? పలమనేరు దాటినాక ఎవురో బస్సు పొడవునా కక్కేసినారు. వంకలో దించి కడిగినాం" అన్నాడు.

"నీకు తెలీదా అప్పా?" అని కండక్టరును అడిగింది గంగులమ్మ.

"తడి తడే కదా" అన్నాడు ఆయప్ప.

ఆ రాగుల్లో మన్ను ఏరను మాకు మూడు దినాలు పట్టింది. సంగటిలో పంటి కింద రాయి తగిలినప్పుడల్లా ఆ యేడంతా "కుప్పంలో కుండపోత" అనుకోని నవ్వినాం. అప్పుడు నేనూ నవ్వినా. అప్పుడు నా కాడ మా ఇంటాయన ఉన్యాడు.

ఆకాశం సూసే పని ఆయనది. పొద్దున లేచి చేని గట్టు మింద నిలబడి, ఇంక ఈ వారం పెరకొచ్చు అంటే పెరికేది, ఆగాలంటే ఆగేది. ఆయనకు తెలీని దినం "నాకు తెలీలేదు, రేపు సూద్దాం" అనేవాడు. ఆయన పోయినాక ఆ పని నాకు వచ్చింది. నేను ఆకాశం సూస్తే నాకు ఆకాశమే అగుపడింది. ఇంకేమీ అగుపళ్ళా. అందుకని అందరి మాదిరి నేనూ బస్సు కాడికి పోయినా.

చెనక్కాయ, అదే వేరుశనగ, దాని సంగతి తెలీనోళ్ళకు ఒక మాట చెప్పాల. కాయ ముదిరినాక నేల గట్టిగా ఉంటే చెట్టు పెరికితే చెట్టే వస్తాది, కాయ మన్నులో నిలిచిపోతాది. రవంత వాన పడి నేల మెత్తబడాల. ఆ పదునులోనే పెరకాల. పెరికినాక మళ్ళా నాలుగైదు దినాలు ఎండ కాయాల. చెట్లు చేన్లో పరిచి ఎండబెడతాం కదా, ఆ దినాల్లో వాన పడిందంటే కాయ మొలకెత్తేస్తాది, కాయ తీసినాక మిగిలే కట్టె కుళ్ళిపోతాది. కాయ పోతే వచ్చే యేటికి ఇత్తనం లేదు, కట్టె పోతే ఆవుకు మేత లేదు. ముందు వాన కావాల, వెనక వాన కాకూడదు. ఆ ఒక్క వారం తెలిస్తే ఏడాది బతుకు. తెలీకుంటే లేదు.

మా ఇంటాయన పోయిన రెండో యేడు. పదును కుదిరింది. కూలికి వచ్చే ఆడోళ్ళు పది మంది, ఆ పొద్దయితే వస్తామన్నారు, తప్పితే ఇంకొకరి చేనికి పోతామన్నారు. నేను క్రాసు కాడికి పరిగెత్తినా. ఆ పొద్దు టాపు మింద మూటల్లేవు, టైర్లు ఆరిపోయినాయి, బస్సును సూసి తెలిసేదేమీ లేదు.

"అప్పా, కుప్పంలో యెట్లుండాది? ఈ పొద్దు పెరికిస్తాండా."

ఆయప్ప చెయ్యి తిప్పినాడు. అరచెయ్యిలో ఏమన్నా రాసుండాదేమో అన్నట్టు సూసినాడు. "ఎండమ్మా. కండ్లు తెరిచేదానికి కాలేదు. నాలుగు దినాలు భయం లేదు. పెరికించు."

పెరికించినా. రెండెకరాలూ పొద్దు గూకే లోపల అయిపోయింది. మర్నాడు మధ్యాన్నం పట్టుకుంది. మూడు దినాలు విడవలేదు. నాలుగో దినం చేన్లోకి పోతే ఒక్కో కాయలో నుంచి తెల్లగా మొలక బయటికొచ్చి నన్ను సూస్తాండాది. కట్టె ఆవు ముందర వేస్తే మూతి పెట్టి వాసన చూసి తల తిప్పుకుంది. పశువుకు ఉండే తెలివి నాకు లేకపోయె.

తర్వాత తెలిసింది. కుప్పం నుంచి మా పక్కింటికి వచ్చిన కోడలు చెప్పింది, ఆ ముందు రాత్రి నుంచే కుప్పంలో వాన పడతాందని. మరి ఎండ అని చెప్పినాడే? డ్రైవరును అడిగితే ఆ సంగతీ బయటపడింది. ఆయప్ప ఇల్లు పుంగనూరులో. ముందు దినం పండగని ఇంట్లోనే నిలిచిపోయి, పొద్దున క్లీనరును టికెట్లు కొట్టుకోని రమ్మని, పుంగనూరులో ఎక్కినాడు. కుప్పం పోనే పోలేదు.

నేను ఆ బస్సెక్కినా. అందరి ముందరా అడిగినా.

"నువ్వు ఆ పొద్దు కుప్పం పోయినావా?"

"బస్సు పోయింది కదమ్మా" అన్నాడు.

"బస్సు పోతే నువ్వు పోయినట్టేనా?"

"టికెట్టు యాడికమ్మా?"

"తెలీదని ఒక్క మాట చెప్తే నీ నోరు పడిపోతుందా? తెలీదు. మూడు అక్షరాలు. నా మాదిరి చదువు లేనిదానికి కూడా వచ్చే మాట."

అప్పుడు ఆయప్ప టికెట్ల కట్ట చేతిలో పట్టుకోని నా పక్క వంగి, ఎవురికీ వినపడకుండా చెప్పినాడు. "అంతమంది నోరు తెరుసుకోని సూస్తాండారమ్మా. తెలీదని యెట్ల చెప్పేది?"

సూడు ఆ మగోడి బాధ. నా ఇత్తనం పోయింది, మేత పోయింది, ఆవును వేరే ఊరికి తోలేసినా. ఆయప్ప బాధ మాత్రం నలుగురి ముందరా తెలీదని అనేదానికి. అందుకే చెప్తాండా, నేను ఆయప్పను తిడితే నోరు నొచ్చేది కాదు.

ఆపైన నేను అడగలా. బస్సొచ్చినా తల తిప్పుకోని నిలబడేదాన్ని. ఆయప్ప మాత్రం నేనుంటే గొంతు పెంచేవాడు. గంగులమ్మకు చెప్తాన్నట్టు చెప్పి నా పక్క సూసేవాడు. ఒక్కో తూరి కరెక్టుగా కూడా చెప్పేవాడు. గుడ్డోడు రాయి వేస్తే ఒక్కోసారి మామిడికాయ రాలతాది కదా. నేను మాత్రం ఆయప్ప ఎండంటే మంచం లోపలేసేది, వానంటే గుడ్డలు ఆరేసేది. తిక్క. అయినా తిక్కకు అప్పుడప్పుడు లాభం వచ్చింది, వచ్చినప్పుడల్లా నలుగురికీ చెప్పినా.

ఇంక రెండో తూరి.

ఊర్లో ఇంటింటికీ టీవీ వచ్చేసింది అప్పటికి. అయినా క్రాసులో కొందరు అడిగేవాళ్ళు, అలవాటు మింద. ఆ యేడు కాయ బాగా దిగింది. మా ఇంటాయన ఉన్నప్పుడు కూడా అంత కాయ సూళ్ళా. నేల పదునుగా ఉండాది. కూలోళ్ళను రమ్మన్యా, ఇంకా రాలేదు. నేనొక్కదాన్నే గట్టు మింద కూర్చోని ఆకు వేసుకుంటాండా. బస్సొచ్చింది. మా చేని కాడ స్టాపు లేదు. నిలబడింది. ఆయప్ప దిగినాడు. దిగి, రోడ్డు పక్క గుంత దాటి, చెప్పులకు బురద చేసుకోని, గట్టు మిందికొచ్చినాడు. అన్నేండ్లలో ఆయప్ప బస్సు వదిలిపెట్టి నేల మింద నిలబడింది నేను సూసింది అదే మొదలు. నేల మింద సూస్తే పొట్టిగా ఉండాడు.

"అమ్మా, పెరకొద్దు" అన్నాడు. "రాత్రి కుప్పంలోనే పండుకున్యా. రాత్రి నుంచి పడతాంది. వి.కోటలో వంక పొంగి బస్సు గంట సేపు నిలబడింది. నేనే తడిసినా, సూడు చొక్కా."

చొక్కా ఒంటికి అంటుకోనుండాది. బనీను అగుపడతాండాది.

నేను ఆకు ఉమ్మేసి, "ఈ తూరి యే వంకలో ముంచుకోనొచ్చినావప్పా చొక్కాను? ఎవురన్నా కక్కినారా?" అన్యా.

డ్రైవరు హారను కొడతాండాడు. ఆయప్ప ఇంకా నిలబడి, "ఒక్క రెండు దినాలు ఆగమ్మా. నీకు దండం పెడతా" అన్నాడు. ఆపైన పోయి బస్సెక్కినాడు. ఫుట్‌బోర్డు మింద నిలబడలేదు, లోపలికి పోయినాడు. క్రాసులో కూడా ఆ పొద్దు తల బయటకు పెట్టలేదంట.

నాకు తెలుసు పాపా. ఆ చొక్కా సూసినప్పుడే తెలుసు. వంకలో ముంచిన గుడ్డకూ వానలో తడిసిన గుడ్డకూ తేడా తెలీని ఆడమనిషి ఉంటాదా? తూర్పు పక్క గాలి కూడా చల్లగా తగలతానే ఉండాది. అయినా కూలోళ్ళు రాగానే "పెరకండి" అన్యా. ఆ మనిషి చెప్పింది నిజమయ్యేదానికి వీల్లేదు అనుకున్యా. నా రెండెకరాల మింద ఆ పంతం వేసినా.

సాయంత్రం దీపం పెట్టే పొద్దుకు పట్టుకుంది. వారం.

వాన నిలిచినాక టీ అంగడి కాడ నిలబడుంటే అడిగినారు, "ఏమ్మా, ఇంత మబ్బులో యెట్ల పెరికించినావు? కండక్టరు చెప్పలేదా?" అని. నేను ఒక గుటక కూడా మింగకుండా చెప్పినా, "ఎండ అని చెప్పినాడు. మళ్ళా ముంచినాడు" అని.

అంతే. ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట. మొదటి తూరి నిజం కదా, రెండోది దాని వెనకనే నడుచుకోని వచ్చేసింది. ఎవురూ మళ్ళీ అడగలా. అడగాల్సిన పనేముంది, ఆయప్ప సంగతి ఊరికంతా తెలుసు కదా.

ఆ వారం నుంచి క్రాసులో ఎవురూ ఆయప్పను వాన అడగలా. అడిగినా ఎగతాళికి. "ఏమప్పా, వానకు ఈ పొద్దు లీవా?" "కుప్పంలో ఎండనా? అయితే రగ్గు తీయండి రా." పిల్లోళ్ళు కూడా అరచెయ్యి తిప్పి చూపించేవాళ్ళు. ఒక రోజు బస్సు నిలబడింది, నేను ఎక్కతాండా. టీ అంగడాయన గ్లాసులు కడగతా కేకేసినాడు, "ఈయమ్మ చేనును రెండు తూర్లు ముంచితివి కదప్పా, ఈ తూరి టికెట్టన్నా వదిలేయ్!"

ఆయప్ప నన్ను సూసినాడు. నేను టైరును సూసినా.

కాదని చెప్పొచ్చు కదా? "పెరకొద్దని గట్టు మిందికొచ్చి చెప్పినా, డ్రైవరును అడగండి" అంటే అయిపోయేది. అన్నేండ్లు వానను, ఎండను, వాయుగుండాలను, అడిగింది అడగంది అంతా చెప్పిన నోరు. తన మాట ఒకటి నిజమైన పొద్దు ఆ నోరు పెగల్లేదు. విజిలేసి "రైట్ రైట్" అన్నాడు. నాకు టికెట్టు ఇచ్చినాడు. చెయ్యి బయటకు పెట్టేది ఆ తర్వాత నేను సూళ్ళా. మా క్రాసు వస్తే అవతల పక్క కిటికీలోకి తిరుక్కోని నిలబడేవాడు. ఉద్యోగం మానేసేదాకా అంతే.

ఏమంటావు? నా మింద దయ తలచినాడంటావా? నాకట్ల అనిపించలా. కాదంటే నేను నలుగురి ముందరా ఇంకేమన్నా అంటానని భయం. లేకుంటే తిట్టించుకునేది అలవాటైపోయిన మొగం. ఏదో ఒకటి. మంచోడని మాత్రం రాయొద్దు. మొదటి తూరి నా చేను ముంచింది ఆయప్పే, ఆ మాట గీత గీసి మరీ రాయి.

ఇన్నేండ్లూ ఇది ఎవురికీ చెప్పలా. ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు. మొన్న ఫ్లెక్సీ కాడ అందరూ నవ్వతాంటే, పుంగనూరు బస్సు దిగి ఒక ఆడమనిషి వచ్చింది. నుదుట బొట్టు లేదు. పక్కన కూతురు. ఫ్లెక్సీ సూసేదానికి వచ్చినారంట. టీ అంగడాయన నవ్వు మింగేసి, నన్ను చూపించి, "ఈయమ్మేనమ్మా ఆ చేనాయమ్మ" అన్నాడు. వాళ్ళింట్లో కూడా తెలుసు ఆ కథ. ఆయమ్మ నా కాడికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"మా ఇంటాయన మీ చేనును రెండు తూర్లు పోగొట్టినాడంట కదక్కా. ఇంట్లో అడిగితే పలికేవాడు కాదు. పోయినోడి మింద మనసులో పెట్టుకోవద్దు. నేను దండం పెడతా."

నిజంగానే చేతులెత్తింది.

నేనేమన్యానో తెలుసునా? "పోనీలేమ్మా, అయిందేదో అయింది" అన్యా. క్షమించేసినా! నేను! అందరూ ఎంత మంచి మనసమ్మా అన్నారు. ఆ పిల్ల నా కాళ్ళకు మొక్కింది. ఇంటికొచ్చినాక ఆ పిల్ల మొక్కిన కాళ్ళను రెండు తూర్లు కడుక్కున్యా. రెండు దినాలు సూసినా, మనసులో ఆ సలుపు తగ్గతాదేమోనని. తగ్గలా. అందుకే నిన్ను పిలిపించినా.

ఇది ఆయమ్మకు పంపాల. పుంగనూరులో బస్టాండు వెనక సందు అంటే చెప్తారు. టీ అంగడాయనకు కూడా ఒకటి ఇయ్యి, గట్టిగా చదివి వినిపించమను అందరికీ. నవ్వితే నవ్వనీ.

ఏంది, రాసేది నిలిపేసినావు? "ఆ అబద్ధం చెప్పిన కాడ తీసేద్దామా పెద్దమ్మా, ఊర్లో తలెత్తుకోను కాదు" అంటావా? వద్దు. ఒక్క మాట తీసినావంటే నాకెట్ల తెలుస్తాది? నాకు బస్సు మీద పేరు తప్పితే చదవను రాదు, నువ్వేం రాసినావో ఆ కాయితానికే తెలుసు. మొదటి నుంచి వద్దు పాపా, అదంతా ఊరికి తెలిసిందే. ఆయప్ప బస్సు దిగి గట్టు మిందికొచ్చిన కాడ్నుంచి చదువు. నిదానంగా చదువు. నేను వింటా.